అలసట పంపకాలు

ఆ ఆదివారం సాయంత్రం మా బావమరిది తాతబ్బాయి ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవకుండా పద్నాలుగుసార్లు కూతకెళ్ళొచ్చాడు. అరికాలు గచ్చు మీంచి లేవలేదు. చెమట మాత్రం గడ్డం మీంచి చొక్కా మీదికీ, చొక్కా మీంచి గచ్చు మీదికీ దిగింది. కబడ్డీ మ్యాటు మీద పరుగెత్తుతున్నవాడు ఈశ్వర్. ఆట జరుగుతున్నది హైదరాబాదులో. రొప్పడం మాత్రం కాకినాడలో, మా ఇంట్లో, మా హాల్లో.

"తాయారూ! మీ తమ్ముడు కూర్చున్నచోటే కారిపోతున్నాడు. కింద బకెట్టేమన్నా పెట్టమంటావా?" అని కేకేశాను.

"ముందు మీ నోటికి మూత పెట్టండి. వాడు కూతలో ఉన్నాడు" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

కూతకీ మూతకీ ప్రాస కుదిరిందని నేను నవ్వాను. తాతబ్బాయి నవ్వలేదు. నవ్వడానికి కావలసిన ఊపిరి వాడి దగ్గర లేదు. అది ఈశ్వర్ దగ్గరుంది.

తాతబ్బాయి ఎడమ మోచేతి పైన నల్లటి పట్టీ ఒకటుంది. దాని పేరు 'తోడు'. కనిపెట్టిన ల్యాబు మా ఊళ్ళోదే, సర్పవరం జంక్షన్ దాటాక ఎడమచేతి వైపు. ఆటగాడి మెడ వెనక రూపాయి బిళ్ళంత రేకు అతికిస్తారు. ఒళ్ళు అలిసిపోయి 'ఇక చాలు నాయనా' అని మెదడుకి పంపే కబురుని ఆ రేకు దార్లోనే పట్టేస్తుంది. పట్టుకున్నదాన్ని పారబొయ్యడానికి లేదు. ఒక ఒళ్ళు పడిన కష్టం ఏదో ఒక ఒంట్లో దిగాల్సిందే. అందుకని దాన్ని పొడి చేసి, ఆ క్షణాన ఆన్‌లైన్‌లో పట్టీ కట్టుకుని కూర్చున్న అభిమానులందరికీ తలో చిటికెడు పంచుతారు. లక్షమంది ఉంటే ఒక్కో కూతకి ఒక్కొక్కరికి వచ్చేది రెండు మెట్లెక్కినంత ఆయాసం. ఆటగాడికి అలుపుండదు. అభిమానికేమో, తనే ఆడినంత ఆనందం.

కనిపెట్టినవాళ్ళలో మా అమ్మాయి కూడా ఉంది. పేరు విద్యుల్లత. కరెంటు డిపార్ట్‌మెంటులో ముప్పయ్యేళ్ళు లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసినవాడికి అంతకన్నా మంచిపేరు తడుతుందా? అది నాకు ఒక్కముక్కలో చెప్పింది: "లోడు పంచడం నాన్నా, అంతే."

"అంటే ఇన్నాళ్ళూ మేం ఫ్యాన్లకి కరెంటిచ్చాం, ఇప్పుడు మీరు ఫ్యాన్ల దగ్గర కరెంటు లాగుతున్నారన్నమాట" అన్నాను.

"ప్లీజ్ నాన్నా, ఆఫీసులో అనకు."

నేను మాత్రం పట్టీ కట్టలేదు. బీపీ ఉందని వంక పెట్టాను. నాది నోటి అభిమానం. మా జట్టు కాకినాడ కెరటాలు. దానికి ఆన్‌లైన్‌లో 'కెరటాల సైన్యం' అని ఒక గుంపు. గుంపుకి తాతబ్బాయి పెద్ద, సుబ్బరాయుడనే నేను ఆస్థాన తిట్ల కవిని. మా ఆజన్మ శత్రువులు రాజమండ్రి వాళ్ళు, గోదారి గరుడలు. 'గరుడలు కాదు, గెలుపు వడ్డించలేని గరిటెలు' అని ఒకటి వదిలితే నాలుగువేలమంది నవ్వారు. గరుడల గుంపుని నడిపేది హేమసుందరి అని ఒకావిడ. అక్కడ మందుల షాపు ఉంది ఆవిడకి. 'మీవి కెరటాలు కావు, కాలవలో నురగ' అందావిడ. నేను ఆవిడ ఫోటో కింద 'హేమమూ లేదు, సుందరమూ లేదు' అని రాశాను. అప్పుడది చమత్కారమనే అనుకున్నాను.

గుంపులో మా అందరికీ ఇష్టమైన మనిషి తుని సూరాయమ్మక్క. అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైంది. టైపు చెయ్యదు, గొంతు పంపుతుంది. ప్రతి మ్యాచ్‌కీ పది నిమిషాల ముందు ఠంచనుగా వచ్చేది: "తమ్ముళ్ళూ, మంచినీళ్ళు పక్కన పెట్టుకున్నారా? ఒరే పెద్దోడా, ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పరా... మా ఇంట్లో అంతా గోలే నాయనా, కోడళ్ళు కూడా పన్లు ఒగ్గేసి కూర్చున్నారు." మేమెవరం ఆవిణ్ణి చూడలేదు. ఆ గొంతు వింటే చాలు, ఇంటి నిండా జనం ఉన్నట్టుండేది.

*

జట్టు వరసగా ఏడు ఆటలు ఓడిపోయింది.

మైదానంలోంచి వెళ్ళిపోవాలంటే చెప్పులు వెతుక్కోవాలి. ఆన్‌లైన్‌లోంచి వెళ్ళిపోవడానికి బొటనవేలు చాలు. లక్షా నలభై వేలమంది తోడు రోజురోజుకీ కరిగింది. లక్షకి తగ్గితే ఆటగాడి మెడకి రేకు పెట్టకూడదు. ఆ హద్దు గీసింది మా అమ్మాయే. పంచుకునే ఒళ్ళు తగ్గితే ఒక్కో ఒంటి మీదా భారం పెరుగుతుందని.

లెక్క లక్షా రెండు వేలకి దిగిన రోజున తాతబ్బాయి గుంపులో ఒక ఉపాయం చెప్పాడు.

పట్టీ ఇంటికొకటే ఇస్తారు. ఒకరు కట్టుకుని మిగతావాళ్ళు చేతులు పట్టుకుని కూర్చుంటే ఆ ఆయాసం చేతుల్లోంచి అందరికీ పాకుతుంది. అందుకని ఒక్క పట్టీ మీద ఇంటిల్లిపాది పేర్లూ నమోదు చేసుకోవచ్చు. పేరుకొక వంతు. వచ్చి తలలు లెక్కపెట్టేవాడు లేడు.

తాతబ్బాయి వృత్తిరీత్యా దస్తావేజు లేఖరి. ఇరవయ్యేళ్ళుగా రిజిస్ట్రారాఫీసు ఎదురుగా బల్ల వేసుకుని కూర్చున్నాడు. వాడు రాస్తే పుట్టనివాడు కూడా తండ్రిపేరుతో, వయస్సుతో, 'కాకినాడ కాపురస్తులు' అన్న మాటతో సహా పుట్టేస్తాడు. చనిపోయిన అమ్మమ్మని బతికించాడు. పెళ్ళే కాని తనకి నలుగురు పిల్లల్ని కన్నాడు. చుట్టాలు అయిపోయాక నా దగ్గరికొచ్చాడు.

"బావా, ఇంకో ఇరవైమంది కావాలి. నువ్వైతే చిటికెలో పుట్టిస్తావు."

"రాసుకో. ఆయాసం అప్పారావు. ఉబ్బసం ఉమాపతి. రొప్పుల రామ్మూర్తి, భార్య ఊపిరితిత్తుల ఊర్మిళ..."

"నవ్వించకు బావా! వయసులు కూడా చెప్పు."

ఇద్దరం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకుంటూ అరవై మూడుమందిని పూర్తిచేశాం. నవ్వుల మధ్యలో తాయారు ఒక మాట అడిగింది: "అదంతా నీ ఒక్కడి ఒంటికే వస్తుందేమోరా?"

"రెండు మెట్లు ఇంటూ అరవైమూడు. నూటిరవై ఆరు మెట్లు. అన్నవరం కొండెక్కినంత కూడా లేదక్కా. స్వామికి ఎక్కుతాం, జట్టుకి ఎక్కలేమా?" అన్నాడు తాతబ్బాయి.

ఒక్కసారి ఎక్కితే కొండ. ఆటకి పద్నాలుగు సార్లు, వారానికి మూడు ఆటలు ఎక్కితే ఏమంటారో ముప్పయ్యేళ్ళు ట్రాన్స్‌ఫార్మర్లు చూసిన నాకు తట్టాలి. తట్టలేదు. ఊర్మిళ ఇంటిపేరు చూసుకుని మురిసిపోతున్నాను.

గుంపులో ప్రతి ఇల్లూ అదే పని చేసింది. సూరాయమ్మక్క డెబ్భైమందిని రాయించానని గొంతు పంపింది. "సగం మంది నిజంగా ఉన్నవాళ్ళే తమ్ముడూ, మాది పెద్ద కుటుంబం కదా!"

వెళ్ళేవాళ్ళు వెళ్తూనే ఉన్నారు, మేం పేర్లు పెంచుతూనే ఉన్నాం. తెర మీద అంకె మాత్రం లక్షా పన్నెండు వేల దగ్గర గుడిస్తంభంలా నిలబడింది. ఏడు ఓటములైనా చెక్కుచెదరని అభిమానం అని టీవీలో పొగిడారు. ల్యాబులో మిఠాయి పంచారట. ఈశ్వర్ మళ్ళీ గెలిపించడం మొదలెట్టాడు. తాతబ్బాయి నెల తిరక్కుండా తొమ్మిది కిలోలు తగ్గాడు.

ఇంకో ముడి కూడా ఉంది. ఆట మధ్యలో ఎవడైనా పట్టీ విప్పేస్తే వాడి వంతు గాల్లో ఆగదు, తక్షణం ఎవరో ఒకరు అందుకోవాలి. ఎవరైతే ఖాయంగా ఉంటారో వాళ్ళకే ఇవ్వాలి కదా? అందుకని ఒక పట్టిక పెట్టారు. ఇంతవరకూ ఒక్క ఆట కూడా మధ్యలో వదలనివాళ్ళ పట్టిక. రాలిపోయిన వంతులన్నీ పైనున్నవాళ్ళకి వెళ్తాయి. ఆ పట్టికలో పేరుండటం మా గుంపులో పెద్ద పరువు. మొదటి పేరు తాతబ్బాయి, మొదట్నించీ వాడు అంతలా కారిపోయింది అందుకే. రెండోది సూరాయమ్మక్క.

*

ఫైనల్స్‌కి ఎవరు వెళ్తారో తేలే ఆట కూడా ఆదివారమే పడింది. కెరటాలకీ గరుడలకీ. సాయంత్రం అయిదింటికి.

ముందురోజు తాతబ్బాయిని బలవంతాన డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాం. గుండె ప్రతి ఏడో దెబ్బకీ ఒకటి తప్పుతోందన్నాడాయన. "మీరేమన్నా రోజూ పరుగు పందాలకి వెళ్తారా?" అని అడిగాడు. వాడు గర్వంగా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మా అమ్మాయి లత ఆదివారం కూడా ల్యాబులోనే ఉంటుంది. టిఫిన్ క్యారేజీతో పాటు ఆ గుండె కాయితం కూడా పట్టుకెళ్ళాను. వెళ్ళేసరికి మొదటి సగం అయిపోవస్తోంది. గోడంత తెర మీద సన్నటి పచ్చ గీతలు వేలల్లో కదులుతున్నాయి. ఒక్కో గీత ఒక్కో పేరు నాడి.

"మావయ్య గుండె ప్రతి ఏడో దెబ్బకీ ఒకటి తప్పుతోందటమ్మా" అన్నాను కాయితం ఇస్తూ.

అది కాయితం చూసింది. తెర చూసింది. మళ్ళీ కాయితం చూసింది. తెర మీద ఒకచోట వేలు పెట్టి ఆ భాగం పెద్దది చేసింది. ఒకదాని కింద ఒకటి అరవై మూడు గీతలు. ఏడో దెబ్బకి అన్నీ ఒక్కసారే తడబడ్డాయి.

"నాన్నా, ఇవన్నీ ఎవరు?"

నేను చదివాను. ఆయాసం అప్పారావు. ఉబ్బసం ఉమాపతి. రొప్పుల రామ్మూర్తి.

"మీ మావయ్యే" అన్నాను.

అది అరవలేదు. ఏవో మీటలు నొక్కింది. పేర్లన్నీ తీసి, ఒకేలా కొట్టుకునే నాడులన్నిటినీ ఒకచోట చేర్చమంది. లక్షా పన్నెండు వేల గీతలు ముడుచుకుని ముడుచుకుని ఒక అంకె దగ్గర ఆగాయి. వెయ్యీ తొమ్మిదివందల పదకొండు.

"మనుషులింతేనా?" అంది. "లక్షమందికి పంచుతున్నాననుకున్నాను నాన్నా. మావయ్య ఒక్కడి మీదే ఎనభై వంతులున్నాయి. రాలినవి కూడా తనే మోస్తున్నాడు."

"ఆపెయ్. మెయిన్ స్విచ్ తీసెయ్."

"తీస్తే ఇప్పటిదాకా పంచినదంతా ఒక్కసారే ఈశ్వర్ ఒంట్లోకి తిరిగెళ్తుంది. మ్యాటు మీదే పోతాడు. అతను కూతకెళ్ళడం మానాలి. అప్పుడే నెమ్మదిగా తగ్గుతుంది."

కోచ్‌కి ఫోన్ చేసింది. అయిదోసారికి ఎత్తాడు. నేను పక్కనే ఉండి విన్నాను. "ఏం మాట్లాడుతున్నావమ్మా? ఎదురుగా బోర్డు మీద లక్షా పన్నెండువేలు కనపడతన్నారు. మీరు పెట్టుకున్న రూలే కదా? సెమీస్‌లో ఈశ్వర్‌ని కూర్చోబెట్టమంటావా?" పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

మా అబద్ధం అంత గట్టిగా రాశాం. మా అమ్మాయి నిజం దాని ముందు నిలవలేదు.

"ఇంటికెళ్ళు నాన్నా. కానీ పట్టీ పీకెయ్యకు. పీకితే ఆ ఎనభై వంతులూ ఎక్కడికెళ్తాయో తెలుసు కదా?"

తెలుసు. తునికి.

*

స్కూటరు ఎలా నడిపానో తెలీదు. ఇల్లు చేరేసరికి ఆటలో ఎనిమిది నిమిషాలు మిగిలాయి. తాతబ్బాయి కుర్చీలో ముందుకి వంగిపోయి ఉన్నాడు. ఆ కుర్చీ కదిపితే జట్టు ఓడిపోతుందని వాడి నమ్మకం. అందుకే పడుకోనంటున్నాడు. తాయారు నేలమీద కూర్చుని వాడి కుడిచెయ్యి గట్టిగా పట్టుకుంది. దానికి ఎవరూ చెప్పలేదు, దానంతటదే పట్టుకుంది. మా ఆవిడ ముఖం పాలిపోయి ఉంది.

"రెండోది పట్టుకోండి" అంది.

పట్టుకున్నాను. ఈశ్వర్ కూతకి బయలుదేరాడు.

రెండేళ్ళుగా ఆ ఆట గురించి రోజుకి పది పోస్టులు రాసినవాణ్ణి. అదేమిటో అప్పుడు తెలిసింది. ముందు పిక్కలు బిగిశాయి. తర్వాత పక్కటెముకల మధ్య ఎవరో పార దించినట్టయింది. ముప్పై సెకన్లు. వాడు గీత తాకి వెనక్కొచ్చేలోపు నా కళ్ళముందు హాలంతా తెల్లబడింది. మూడో వంతు మాత్రమే అది. నేను చెయ్యి వదిలేశాను.

తాయారు వదల్లేదు. నా వంక చూసింది, అంతే.

వీధిలోకి పరిగెత్తి అరిచాను. "రండర్రా! చెయ్యి పట్టుకోండర్రా! మా తాతబ్బాయి పోతున్నాడు!" ఎదురింటి మేడ మీద ఒకాయన చెయ్యి ఊపి నవ్వాడు. ఆదివారం, మ్యాచ్ ఉంది, సుబ్బరాయుడు అరుస్తున్నాడు. మా వీధికి అది అలవాటే. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

ఫోన్ తీశాను. నిజం మనుషులు కావాలి, వేలల్లో, పట్టీలు కట్టుకుని సిద్ధంగా ఉన్నవాళ్ళు. అలాంటివాళ్ళు ఆ నిమిషాన ఒక్కచోటే ఉన్నారు. గరుడల గుంపులో. 'జట్టు మార్పు' అని ఒక మీట ఉంది పట్టీకి. నొక్కితే చాలు, మా భారం వాళ్ళకి వెళ్తుంది. ఒక్కసారి నొక్కారా, నమ్మకస్తుల పట్టికలోంచి వాళ్ళ పేరు శాశ్వతంగా పోతుంది. పైగా వాళ్ళు మోసే అలుపు వాళ్ళ జట్టు మీదికి కూతకొచ్చే ఈశ్వర్‌ది. వాడికి బలం ఇచ్చి తమ జట్టునే ఓడించుకోవాలి.

వాళ్ళ గుంపులో రాశాను: 'ఇది జోకు కాదు. మా తాతబ్బాయి చచ్చిపోతున్నాడు. మీ పట్టీలు అయిదు నిమిషాలు ఇటు మార్చండి. దణ్ణం పెడతాను.'

నవ్వు బొమ్మలు జలజలా రాలాయి.

'గరిటెలతో పని పడిందా అంకుల్?'

'ఓడిపోతున్నారని నాటకం.'

'ఈసారి పంచ్ పేలలేదు సార్, ప్రాస మర్చిపోయారు.'

మళ్ళీ రాశాను. మళ్ళీ నవ్వారు. ఎంత వేడుకుంటే అంత నవ్వారు. రెండేళ్ళుగా వాళ్ళకి నేనిచ్చిన శిక్షణ అది.

ఫోన్ మోగింది. తెర మీద హేమసుందరి ముఖం. వెనక మందుల సీసాలు.

"నవ్వారంటే పెట్టేస్తానండీ. చూపించండి."

తాతబ్బాయి వైపు తిప్పాను.

"దగ్గరగా. పెదాలు చూపించండి. గోళ్ళు." నేను వాడి చెయ్యెత్తి చూపించాను. గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఆవిడ గొంతు మారిపోయింది. "ఓర్నాయనో... ఎంతసేపట్నించి ఇలా ఉన్నాడాయన? మావాళ్ళని నమ్మించాలి. మీ పేరు చెప్తే ఒక్కడు నమ్మడు. ముందు నాది మారుస్తాను, అది చూస్తే కదుల్తారు. మూడు నిమిషాలివ్వండి."

"మూడు నిమిషాలు లేవండీ."

"అంతకన్నా నావల్ల కాదండీ!"

ఈశ్వర్ మళ్ళీ కూతకెళ్ళాడు. తాతబ్బాయి కళ్ళు పైకి తిరిగాయి. తాయారు పక్కకి ఒరిగిపోయింది. అయినా వేళ్ళు మాత్రం వాడి వేళ్ళలోనే ఉన్నాయి. ఒకే దెబ్బకి ఇద్దరూ. నా చెయ్యి పట్టీ మీదికి వెళ్ళింది. వాడు ఆఖరి ఓపికంతా కూడదీసుకుని ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు బావా... అక్క మీద పడుద్ది."

తన అక్క నేలమీద పడి ఉంది. వాడు చెప్తున్నది ఆ అక్క గురించి కాదు.

గుంపులోకి అప్పుడే ఒక గొంతు వచ్చింది. లత అందరికీ సంగతి రాసినట్టుంది. సూరాయమ్మక్క మాట మధ్య మధ్య తెగుతోంది. "సుబ్బరాయుడు తమ్ముడూ... తాతబ్బాయిది తీసెయ్. నామీదికి రానీ. మాకేం పర్లేదు. ఇక్కడ ఇంటి నిండా ఉన్నాం... పెద్దోడు, చిన్నోడు, కోడళ్ళు... అందరం చేతులు పట్టుక్కూచున్నాం. మేం మోస్తాం. తీసెయ్ నాయనా."

వెనక ఏ చప్పుడూ లేదు. కోడళ్ళ గోల లేదు. ఆ సంగతి నాకు వినపడింది. వినపడలేదని ఎవరితోనూ చెప్పలేను.

సగంమంది నిజంగా ఉన్నవాళ్ళేనందిగా, ముప్పైమందికి పంచుకుపోతుందిలే అనుకున్నాను. అనుకున్నానో, అనుకోవాలనుకున్నానో. తాతబ్బాయి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి పట్టీ పీకేశాను.

ఒక్క పెద్ద ఊపిరి తీసి వాడు కుర్చీలోంచి జారాడు. తాయారు దగ్గింది. నేను వాళ్ళిద్దరి మధ్యా గచ్చు మీద కూలబడ్డాను. బతికారు. నావాళ్ళు బతికారు.

తెర మీద అంకె రెండున్నర నిమిషాలకి కదిలింది. హేమసుందరి ఒకటి. తర్వాత నూరు. తర్వాత వేలు. గరుడలవాళ్ళు తొమ్మిదివేలమంది, తప్పుడు పేరు ఒక్కటీ లేకుండా, మా ఈశ్వర్ అలుపుని తలో చిటికెడు ఎత్తుకున్నారు. గాలి పీల్చినంత తేలిగ్గా వాడు ఆఖరి కూతకెళ్ళి ముగ్గుర్ని తాకి వచ్చాడు. కాకినాడ కెరటాలు ఒక్క పాయింటు తేడాతో గెలిచాయి. వీధిలో టపాసులు కాల్చారు.

లత ఫోన్ చేసింది. ఏడుస్తోంది. పట్టికలో రెండో గీత ఆగిపోయిందని చెప్పింది. ఎప్పుడని అడిగాను. గరుడలు రావడానికి నలభై సెకన్ల ముందని చెప్పింది.

*

తాతబ్బాయి ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక అడిగింది ఒక్కటే. "సూరాయమ్మక్క?"

రెండో గీత ఆగిపోయిందని చెప్పాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాతో మాట్లాడి ఇప్పటికి మూడు నెలలు.

ఆట మర్నాడు నేను తుని వెళ్ళాను. ఆ కొడుకుల ముఖం ఎలా చూడాలా అని దారి పొడవునా మాటలు పేర్చుకున్నాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఒక సందు చివర ఒంటిగది. బయట పసుపు చొక్కాల్లో ఇద్దరు మగాళ్ళు నిలబడి ఉన్నారు. గరుడల చొక్కాలు. వాళ్ళ పక్కన హేమసుందరి. లత చెప్తే రాజమండ్రి నుంచి తెల్లారకుండానే బయలుదేరారట.

"కొడుకులు?" అన్నాను.

పక్కింటి తాపీమేస్త్రి నావంక వింతగా చూశాడు. "కొడుకులెక్కడున్నారండీ ఆవిడకి? పెళ్ళే చేసుకోలేదు. పదేళ్ళ నుంచీ చూస్తన్నాను, ఈ గుమ్మం తొక్కిన చుట్టం లేడండి. ఆదివారాలు మాత్రం తలుపేసుకుని ఒకటే మాటలు. పెద్దోడా అనీ, చిన్నోడా అనీ. మావాళ్ళు భయపడీవోరు. నిన్న సాయంత్రం నేను తలుపు తోసి చూసేసరికి కుర్చీలోనే ఉందండి. రెండు చేతులూ ఇలా చాపుకుని ఉంది."

చేతులు చాపి చూపించాడు. అటొకరూ ఇటొకరూ పట్టుకోవడానికి చాపినట్టు.

హేమసుందరి కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి నావైపు తిరిగి, "ఏమన్నా మాట్లాడండి. మీరు ఊరుకుంటే భయమేస్తోంది" అంది.

నేను గదిలోకి నడిచాను.

మోసేవాళ్ళు నలుగురు కావాలి. పసుపు చొక్కాలవాళ్ళిద్దరూ, తాపీమేస్త్రీ, నేనూ. నేను ముందు, ఎడమవైపు. శ్మశానం ఊరవతల, రైలుకట్ట దాటాక. ఎండ నెత్తికెక్కింది. సగం దారికే నా భుజం పగిలిపోతున్నట్టుంది. బీపీ మనిషిని కదా, రొప్పు మొదలైంది.

వెనక నుంచి మేస్త్రి అన్నాడు: "పెద్దాయనా, అలిసిపోయారు. ఇంకోళ్ళు పట్టుకుంటారు, భుజం మార్చండి."

పక్కన నడుస్తున్న హేమసుందరి అప్పటికే చెయ్యి చాపింది.

"వద్దు" అన్నాను. "ఇది నా వంతు."